రోడ్డు కింది చాప

ట్రాలీ ఎడమ చక్రం ఇరుసు దాకా రోడ్డులోకి దిగిపోయింది. ధాన్యం బస్తాల బరువంతా కాలువ వైపు ఒరిగింది. పై వరసలోని బస్తా ఒకటి నెమ్మదిగా జారి, గట్టు మీద ఒకసారి పొర్లి, నీళ్ళలో పడింది.

"దూకరా మోషే! ట్రాక్టరు వదిలేసి దూకు!" మేస్త్రీ ఇస్సాకు గట్టు మీద నుంచి అరిచాడు.

"నేను దూకితే బ్రేకు ఎవడు తొక్కుతాడు? మీ తాత తొక్కుతాడా?" డ్రైవరు మోషే రెండు కాళ్ళతో బ్రేకును అదిమిపట్టి సీటు మీద సగం లేచి నిలబడ్డాడు. వాడి మొహంలో నెత్తురు లేదు.

రెండో బస్తా జారింది. ట్రాలీ మరో జానెడు ఒరిగింది.

ఆ సమయానికి సైదా కేకవేస్తే వినపడేంత దూరంలో మోకాళ్ళ మీద ఉన్నాడు. రోడ్డు పొడిగింపు పని అక్కడే జరుగుతోంది. చదును చేసిన నల్లమట్టి మీద పరిచిన కొబ్బరి పీచు చాపలను ఒకదానితో ఒకటి కలిపి కుడుతున్నాడు. కేకలు వినగానే చేతిలోని దబ్బనాన్ని చాపలో గుచ్చి, పక్కనున్న మోకు చుట్టను భుజాన వేసుకుని పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి. మోకాళ్ళు లోపలికి వంగిపోయిన మనిషి. ఎలా పరుగెత్తాడో తర్వాత అతనికే తెలియలేదు.

మోకు ఒక కొసను ఇస్సాకు ట్రాలీ కొక్కేనికి వేశాడు. రెండో కొసను సైదా రోడ్డు రోలరుకు ముడివేశాడు. రోలరు వెనక్కి కదిలింది. మోకు బిగిసి కిర్రుమంది. ట్రాలీ ఒరగడం ఆగింది. ఆగిందంతే, పైకి మాత్రం లేవలేదు. ఆడా మగా వరసగా నిలబడి ఒక్కొక్క బస్తానూ దించారు. బరువు తగ్గాక రోలరు గుంజితే, బురద పెద్దగా ఒక గుటక వేసినట్టు చప్పుడు చేసి చక్రాన్ని వదిలిపెట్టింది.

మోషే దిగి, కాలువ గట్టున కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"దెబ్బ తగిలిందా?" అని అడిగాడు సైదా.

"లేదు బాబాయ్. కాళ్ళు ఒణుకుతున్నాయి. ఇవి నా కాళ్ళేనా?"

ఎవరికీ ఏమీ కాలేదు. ప్రమాదం అక్కడితో అయిపోవాలి. కానీ కాంట్రాక్టరు దగ్గర పని చూసే సూపర్‌వైజరు అజయ్ బాబు ఆ గోతిని చూశాడు, చుట్టూ ఉన్న రోడ్డును చూశాడు, చివరికి సైదా వైపు తిరిగాడు. పాతికేళ్ళ కుర్రాడు. ఉద్యోగంలో చేరాక అతను చేయించిన మొదటి రోడ్డు అది.

"పోయిన శీతాకాలం వేసిన రోడ్డు. అప్పుడే కుంగింది. ఇక్కడ చాప కుట్టింది నువ్వేగా సైదా?"

"ఈ రోడ్డంతా నేనేనండి."

"అయితే కుట్టు ఊడింది."

సైదా వంగి గోతి అంచున మట్టిని వేళ్ళతో నలిపి చూశాడు.

"బాపట్లకి ఫోన్ చేశాను. ఇంజనీరు మేడం వస్తున్నారు. తవ్వి చూస్తారు. కుట్టు ఊడిందని తేలితే నువ్వే కాదు, చాపలు కూడా పోతాయి. మిగతా రోడ్డుకి ఉత్త గ్రావెల్ పోసి తొక్కించమంటారు. నా సంగతి చెప్పనే అక్కర్లేదు."

మాట కటువుగా ఉన్నా గొంతులో భయం ఉంది. అది సైదాకు అర్థమైంది. తలూపి, తను దబ్బనం గుచ్చి వచ్చిన చోటికి నడిచాడు.

మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంజనీరు వచ్చేదాకా ఊరికే కూర్చోవడం అతనికి చేతకాదు. ఒక చాప అంచు మీద ఇంకో చాప అంచు బెత్తెడు ఎక్కేలా వేసి, దబ్బనంతో కొబ్బరి నులకను దూర్చి, లాగి, ముడివేసి, మళ్ళీ దూర్చాడు. కుడి బొటనవేలు గోరు ఎప్పుడో నల్లబడి గట్టిపడింది. చూపుడువేలి పక్కన నులక రాసుకుని రాసుకుని చిన్న కాలువలాంటి గీత పడింది. కళ్ళు మూసుకున్నా ఆ వేళ్ళు కుట్టగలవు.

ఇప్పుడు అతన్ని భయపెడుతున్నది అదే.

అమృతలూరు దాటాక కాలువ వెంట రెల్లుపాలెం దాకా ఉన్నదంతా నల్లరేగడి. ఎండితే కాలు పట్టేంత పగుళ్ళు. తడిస్తే జావ. ఎన్నిసార్లు గ్రావెల్ పోసినా రెండు వానలకు ఆ మట్టి మింగేసేది. రెల్లుపాలెం ఆడవాళ్ళు పురిటికి మంచం మీద మోయించుకుని మెయిన్ రోడ్డెక్కిన రోజులున్నాయి. ఈసారి మట్టికీ గ్రావెల్‌కీ మధ్య కొబ్బరి పీచు చాప వేస్తున్నారు. పీచు నీటిని పక్కకు పోనిస్తుంది, గ్రావెల్‌ను కిందికి పోనివ్వదు. కొన్నేళ్ళకు చాప చివికి మట్టిలో కలుస్తుంది. ఆలోగా కింద మట్టి గట్టిపడుతుంది. అయితే చాపకు చాప మధ్య సందు ఉండకూడదు. ఒక్కచోట సందిచ్చినా బురద అక్కడి నుంచే పైకి వస్తుంది.

"రోడ్డుకి పరుపు కుడుతున్నావురా సాయిబూ" అని ఇస్సాకు ఎగతాళి చేసేవాడు. నిజమే. సైదా పుట్టింది తెనాలిలో, పరుపులు కుట్టే ఇంట్లో. తండ్రి దూది ఏకితే సైదా కుట్టేవాడు. పెళ్ళయ్యాక దూది ఏకే పని గౌస్ బీ తీసుకుంది. సాయంత్రానికి ఆమె కనుబొమల మీద, పైటకొంగు మీద దూది పింజలుండేవి. పెళ్ళిపరుపు కుట్టించుకోవడానికి ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. తర్వాత స్పాంజి పరుపులు వచ్చాయి. సైదా రేపల్లె వెళ్ళి రైసుమిల్లులో గోతాల మూతులు కుట్టే పనిలో కుదిరాడు. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి వెళ్ళడం, సాయంత్రం అదే రైల్లో రావడం. గోతాన్ని పట్టుకునేవాడొకడు, కుట్టేవాడొకడు. పట్టుకున్నవాడు ఇస్సాకు. రేపల్లెవాడు, లూథరన్ చర్చిలో ఆదివారం పాటలు పెద్దగొంతుతో పాడేవాడు. మిల్లులోకి ప్లాస్టిక్ సంచులు, కుట్టు మిషన్లు వచ్చాక ఇద్దరూ ఒకేరోజు బయటికొచ్చారు.

ఈ చాపల పని చూసింది ఇస్సాకే. రెల్లుపాలెం ఆడవాళ్ళను జట్టుగా చేర్చి, తను మేస్త్రీ అయ్యాడు. కుట్టడానికి మనిషి కావాలంటే సైదాను తీసుకొచ్చాడు. ఇదీ పోతే సైదాకు ఇంకో పని లేదు. ఈ చేతులకు కుట్టడం తప్ప ఏమీ రాదు. కుట్టించుకునేవి లోకంలో తగ్గిపోతున్నాయి.

పని పోతుందన్న భయం కన్నా పెద్దది ఆ వేళ్ళ గురించిన భయం. కుంగిన ఆ చోట పని జరిగిన వారంలో గౌస్ బీ తెనాలిలో ఆస్పత్రిలో ఉంది. రాత్రంతా ఆమె మంచం పక్కన, పగలంతా ఇక్కడ మోకాళ్ళ మీద. ఆ వారం చివర తుఫాను పట్టింది. వానలో ఆమె పోయింది. ఆ రోజుల్లో తను ఏం తిన్నాడో, ఎవరితో మాట్లాడాడో, ఏం కుట్టాడో సైదాకు గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా ఏమీ దొరకదు. నిద్రలో కుట్టి ఉంటే? సందు వదిలేసి ఉంటే?

ఇస్సాకు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుని చాప అంచు పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ పట్టుకున్నాడు కానీ, అంచు బిగువుగా లేదు.

"సరిగ్గా పట్టు. వంకర పోతోంది."

"పట్టాన్లే." ఇస్సాకు గొంతు తగ్గించాడు. "ఒరే, నువ్వు ఇంటికెళ్ళు. జ్వరమొచ్చిందని నేను చెప్తాను. మేడంతో నేను మాట్లాడుకుంటా."

"నాకు జ్వరమేంటి?"

"రాలేదా? ఇందాకటి పరుగుకి రావాలే."

సైదా దబ్బనం ఆపాడు. "ఇస్సాకూ, ఒక్కటి చెప్పు. అక్కడ నేను కుట్టానా?"

"కుట్టావు."

"నువ్వు చూశావా? నాకేం గుర్తులేదురా. ఒట్టేసి చెప్పు."

"మా పాస్టరుగారు ఒట్లు వెయ్యొద్దన్నాడు" అని ఇస్సాకు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అంచు వదిలేసి లేచాడు. "కుట్టావు అన్నానుగా. నా మాట చాలదా?" అంటూ కాలువ వైపు వెళ్ళిపోయాడు.

ముప్పై ఏళ్ళుగా ఎరిగిన మనిషి. పని మధ్యలో అంచు వదిలేసి లేవడం సైదా ఎన్నడూ చూడలేదు.

జీపు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇంజనీరు కరుణశ్రీ దిగింది. నలభై ఏళ్ళుంటాయి. పైన చొక్కా తొడుక్కుని, ప్యాంటును మోకాలిబూట్లలోకి దోపుకుంది. చెప్పేవాళ్ళ మాటలు వింటూనే గోతి చుట్టూ ఒకసారి నడిచింది, కాలువ మట్టం చూసింది, పక్క చేలో నీళ్ళు చూసింది.

"తవ్వండి" అంది.

"అమ్మా, తవ్వడమెందుకండి?" ఇస్సాకు ముందుకొచ్చాడు. "రెండు తట్టల గ్రావెల్ పోసి రోలరు తొక్కిస్తే సరిపోద్దండి. అనవసరంగా రోడ్డు పాడుచెయ్యడం…"

"పాడయిందిగా మేస్త్రీ, ఇంకా ఏం పాడవుతుంది?" ఆమె కోపంగా అనలేదు. "ఎందుకు కుంగిందో తెలియకుండా పైన పోస్తే మళ్ళీ కుంగుతుంది. ఈసారి అది స్కూలు ఆటో కావచ్చు."

ఇస్సాకు వెనక్కి జరిగి గట్టెక్కాడు.

మోషే, మరో ఇద్దరు గునపాలు అందుకున్నారు. పని మొదలవగానే అందరికన్నా ముందు చెయ్యివేసే ఇస్సాకు ఆ రోజు గట్టు దిగలేదు. జట్టులోని అంకమ్మ అది కనిపెట్టింది.

"మేస్త్రీగారు ఇయ్యాల పెళ్ళికొడుకైపోయాడే! గునపం ముట్టుకోడంట" అంది. ఎవరూ నవ్వలేదు.

ఎర్ర గ్రావెల్ పొర వచ్చింది. దాని కింద తడి. "ఇక మెల్లగా" అంది కరుణశ్రీ. పారలతో గోకారు. నల్లగా, ఇంకా చివకని పీచు కనిపించింది. చాప అంచు. అంచు మీద అంచు. ఆ రెండింటి మధ్య కుట్టు.

సైదా గోతి ఒడ్డున నిలబడి ఉన్నాడు.

కరుణశ్రీ దిగి, మోకాలు ఆనించి, కుట్టులోకి రెండు వేళ్ళు దూర్చి లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. చాప లేచింది కానీ కుట్టు కదల్లేదు. ఇంకాస్త ముందుకు జరిగి మళ్ళీ లాగింది.

"ఇది గట్టిగా ఉంది. ఎవరు కుట్టారు?"

"మా సైదా బాబాయ్ అండి" అంది అంకమ్మ గొప్పగా, తనే కుట్టినట్టు.

"కుట్టు తప్పు కాదు" అంది కరుణశ్రీ. "ఇంకా లోపలికి తియ్యండి."

కుట్టాను అనుకున్నాడు సైదా. నిద్ర లేకపోయినా, మతి లేకపోయినా, కుట్టాను. అక్కడే ఒడ్డున కూర్చుండిపోయాడు. మట్టి కింద కప్పబడిపోయిన ఆ వారంలోంచి ఒక్క ముక్క అతనికి తిరిగి దొరికింది.

ఆ ఊరట పార ఇంకొక్క దెబ్బ పడేంతసేపే ఉంది.

"మేడం, ఇక్కడ చాప లేదు" అన్నాడు మోషే.

నిజంగానే లేదు. చాప ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ చోట గ్రావెల్ బురదలో కలిసిపోయి అంబలిలా ఉంది. పారతో చుట్టూ తీస్తూ పోయారు. ఒక అంచు తేలింది, మూల తేలింది, రెండో అంచు తేలింది. చిరిగిన అంచులు కావవి. పీచులన్నీ ఒకే గీతలో తెగి ఉన్నాయి.

"కత్తితో కోశారు" అంది కరుణశ్రీ లేచి నిలబడి. "పరిచిన చాపలోంచి ముక్క కోసుకుపోయారు. ఆ పైన గ్రావెల్ పోసేశారు. చూసేవాడే లేడా?"

అజయ్ బాబు మొహం పాలిపోయింది. "తుఫాను వెలిశాక ఆగిన పని తొందరగా అవ్వాలన్నారు మేడం. లారీలు వచ్చిన వెంటనే పోయించేశాను." అంతలోనే తేరుకుని జట్టు వైపు తిరిగాడు. "దొంగ మనలోనే ఉన్నాడన్నమాట."

సైదా ఆ మాట వినలేదు. నలుచదరంగా తేలిన ఆ ఖాళీని చూస్తున్నాడు. పొడవు మనిషంత. వెడల్పు మనిషి భుజాలకన్నా కాస్త ఎక్కువ. పరుపులు కుట్టిన కన్ను అది. ఒక మనిషి పడుకోవడానికి ఎంత కావాలో ఆ కంటికి కొలబద్ద అక్కర్లేదు.

తెనాలి ఖబరస్తాన్‌లో ఆ రోజు తవ్విన చోటల్లా నీళ్ళే ఊరాయి. బకెట్లతో తోడుతుంటే గోడలు జారాయి. ఎలాగో గౌస్ బీని దించారు. పైన అడ్డంగా చెక్కలు పేర్చారు. చెక్కల సందుల్లోంచి బురద కారుతోంది. మట్టి పోస్తే ఆమె మొహం మీదే పడేలా ఉంది. చెక్కల మీద కప్పడానికి ఇంటి నుంచి తెచ్చిన ఈతచాప వానకు నాని, ఎత్తబోతే చేతుల్లోనే విడిపోయింది. పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఎవరో వానలో మోపెడ్ దిగి, నెత్తిన ఒక చుట్ట మోసుకుంటూ సమాధుల మధ్యనుంచి వచ్చారు. "ఇది పరవండి" అన్నారు. సైదా చూడలేదు. అతని కళ్ళకు చెక్కల సందులు తప్ప ఇంకేమీ కనపడలేదు. వాసన మాత్రం తగిలింది. తడిసిన కొబ్బరి పీచు వాసన. తర్వాత మట్టి పోశారు. ఒక్క పెళ్ళ కూడా లోపలికి జారలేదు.

ఆ చాప ఎక్కడిదని అడగాలని ఇన్ని నెలల్లోనూ అతనికి తట్టలేదు.

తలెత్తి ఇస్సాకును చూశాడు. ఇస్సాకు కాలువను చూస్తున్నాడు.

"అంకమ్మా!" అజయ్ బాబు గొంతు పెరిగింది. "నీ గేదెల కొట్టంలో పీచు చాప ఉంది. నేను చూశాను."

అంకమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి ముందుకొచ్చింది. "ఉంది. మీరు కత్తిరించి పారేసిన చివర్లు ఏరుకుని దూడ కింద వేశాను. మీ ముందే పట్టుకుపోయాను. అప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"చివర్లో, రోడ్డో ఎవరికి తెలుసు?"

"రోడ్డు కోసుకుపోయి దూడ కింద వెయ్యడానికి నాకేమన్నా పిచ్చా బాబూ? ఆ రోడ్డు మీదే కదయ్యా నా కూతురు కాలేజీకి పోయేది! తెస్తానుండు. నువ్వే కొలుచుకో."

పరుగున పోయి తెచ్చింది. అరచెయ్యి వెడల్పు పేలికలు, పేడ అంటినవి. గోతి ఒడ్డున కుప్పగా పడేసింది. కరుణశ్రీ ఒకదాన్ని కాలితో కదిపి చూసింది. "ఇవి చివర్లే. ఇది కాదు."

"అయితే ఎవరో తెనాలిలో అమ్ముకుని ఉంటారు మేడం. ఒకళ్ళు కాకపోతే ఒకళ్ళు. పోలీసు కంప్లయింట్ ఇచ్చి, రేపట్నుంచి జట్టు మొత్తాన్ని మార్చేస్తాను. వేరే ఊరి నుంచి తెచ్చుకుంటాను."

ఆడవాళ్ళలో కలకలం రేగింది. ఇస్సాకు పెదాలు కదిలాయి. గట్టు మీద నుంచి ఒక అడుగు కిందికి వేశాడు.

అంతకన్నా ముందే సైదా లేచాడు.

"జట్టుని ఏమీ అనబాకండి. ఆ ముక్క ఎక్కడుందో నాకు తెలుసమ్మా."

అందరూ తిరిగి చూశారు.

"ఎక్కడుంది?" అంది కరుణశ్రీ.

"గౌస్ బీ దగ్గరుందండి."

"ఎవరామె? ఇక్కడుందా? పిలవండి."

ఎవరూ కదల్లేదు. అంకమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా ఇంటావిడండి. తెనాలిలో, మా వాళ్ళ ఖబరస్తాన్‌లో ఉంది. తుఫానులో పోయింది. గుంటలో నీళ్ళూరుతుంటే… పైన చెక్కల మీద కప్పాం. ఇప్పుడు ఆవిడ మీదే ఉంది."

కరుణశ్రీ కాసేపు ఆ నలుచదరపు ఖాళీని చూసింది. మళ్ళీ అడిగినప్పుడు ఆమె గొంతు తగ్గింది. అయినా అడిగింది.

"కోసింది ఎవరు?"

"నేనేనమ్మా" అన్నాడు సైదా.

"అబద్ధం!" ఇస్సాకు గట్టు మీద నుంచి ఒక్క దూకు దూకాడు. "వీడి మాట నమ్మకండమ్మా. ఆ రోజు వీడు నిలబడలేక ఇద్దరి భుజాల మీద వేళ్ళాడుతున్నాడు. వీడు తెనాలి నుంచి ఇక్కడికొచ్చి, వానలో చాప కోసి, మోసుకుపోయాడంట! సిగ్గులేకపోతే సరి."

"నోరు ముయ్యరా ఇస్సాకూ."

"నువ్వు ముయ్యి. ఇందాక నువ్వు కుట్టావో లేదో కూడా తెలీదన్నావు, ఇప్పుడు కోసింది మాత్రం గుర్తొచ్చిందా?"

"గుర్తొచ్చింది. నీకేంటి?"

"ఏ చేత్తో కోశావో చెప్పు. కత్తి ఎక్కడిది? చెప్పరా!"

సైదా తన చేతులు చూసుకున్నాడు. కుట్టడం తప్ప ఏమీ రాని చేతులు. అబద్ధం చెప్పడానికి కూడా అక్కరకు రాలేదు.

ఇస్సాకు కరుణశ్రీ వైపు తిరిగాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇప్పుడు అరవడం లేదు.

"గోదాముకి తాళమేసి అందరూ వెళ్ళిపోయారమ్మా. కొత్త చాప లేదు. కబురొచ్చింది, అక్కడ గుంటలో నీళ్ళంట. ఆవిడ చేతి అన్నం తిన్నవాణ్ణి. మిల్లులో ఉన్నన్నాళ్ళూ వీడి క్యారేజీలో నాకూ పెట్టి పంపేది. పరిచిన చాప కళ్ళెదురుగా ఉంది, కోశాను. వేరే ముక్క వేసి కుట్టిద్దామనే అనుకున్నాను. నేను వెయ్యగలను, కుట్టాల్సింది వీడు. వీడు ఇంట్లో గోడ చూస్తూ కూర్చున్నాడు. ఆ స్థితిలో వాణ్ణి వచ్చి కుట్టమని ఎట్టా అడగను? మూడోరోజు ఫాతెహా ప్రార్థనకి నేను తెనాలి వెళ్ళొచ్చేసరికి గ్రావెల్ పోసేశారు. తవ్వండి అని చెప్పాల్సింది. ఎందుకు కోశావని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. చెప్పలేదు. ఇవాళ మోషేగాడు కాలువలో పోయేవాడు. నావల్ల."



"రాసుకోండమ్మా" అన్నాడు ఇస్సాకు. "చాప దొంగ ఇస్సాకు."

కరుణశ్రీ జీపు దాకా వెళ్ళి, నీళ్ళు తాగి, తిరిగొచ్చింది. పోలీసులు అక్కర్లేదంది. జట్టును మార్చొద్దంది. లారీలు పోసే ముందు అజయ్ బాబు తను నడిచి చూడాలంది, ఆ మాట అందరి ముందూ అంది. తర్వాత ఇస్సాకుతో నెమ్మదిగా, "మీరు మాత్రం ఈ రోడ్డు మీద ఉండటానికి వీల్లేదు మేస్త్రీ. ట్రాలీ బోల్తా పడి ఉంటే నేను ఇంకోలా మాట్లాడాల్సి వచ్చేది" అంది.

"అవునండి" అన్నాడు ఇస్సాకు. "న్యాయమేనండి."

కొత్త చాపలోంచి అంతే ముక్క కోసి గోతిలోకి దించారు. సాయంత్రం వాన వచ్చేలోగా నాలుగు వైపులా కుట్టాలి. సైదా దబ్బనంలో నులక ఎక్కించాడు. ఎక్కిస్తుంటే రెండుసార్లు తప్పింది.

ఇస్సాకు మోపెడ్ స్టార్ట్ చేసి, దిగకుండానే గోతి ఒడ్డున ఆపాడు. "తిన్నగా కుట్టు. పట్టేవాడు లేడని వంకర పోబాక."

"ఆదివారం రేపల్లె వస్తాను" అన్నాడు సైదా తలెత్తకుండా.

"రాకపోతే ఎవడేడుస్తాడు?" అన్నాడు ఇస్సాకు. మోపెడ్ చప్పుడు కాలువ వెంట చాలా దూరం వినిపించి, ఎక్కడో ఆగిపోయింది.

అంకమ్మ గోతిలోకి దిగి సైదాకు ఎదురుగా కూర్చుంది. "పట్టుకోవడం రాదని తిట్టబాక బాబాయ్. నాకు గేదె పలుపు పట్టుకోవడమే తెలుసు."

"అట్టాగే పట్టు. లాగి పట్టు."

అతను కుట్టడం మొదలుపెట్టాడు. దూర్చి, లాగి, ముడివేసి, మళ్ళీ దూర్చాడు. ఒక అంచు అయింది. మూల తిరిగింది.

పైన, రోలరు నీడలో, ఇస్సాకు మరిచిపోయాడో వదిలి వెళ్ళాడో తెలియని అన్నం క్యారేజీ ఉంది. మూత తియ్యలేదు. పై గిన్నె ఇస్సాకుది. కింది గిన్నె, గౌస్ బీ పోయినప్పటి నుంచి ఇస్సాకు భార్య సామ్రాజ్యం రోజూ సైదా కోసం పెట్టి పంపుతున్నది.